బల్లిపిల్లకు తొలి మేత

మాట నడుమ గోడమీది బల్లి పలికినచో వ్రేలితో నేల తట్టి “సత్యము” అనుకొనుట మన యిండ్లలో పెద్దలకు అలవాటు. పంచాంగమున బల్లిపాటు ఫలములను చూచువారును, కంచి వరదరాజస్వామి కోవెలలో బంగారుబల్లిని, వెండిబల్లిని తాకి వచ్చినవారును మనలో చాలమంది కలరు. నాయకరాజుల కాలమునుండియు మధుర, కోయంబత్తూరు ప్రాంతములలో కాపురముండు మన తెలుగు కుటుంబములకు బల్లి క్రొత్త చుట్టము కాదు. కాని దానిని గాజుపెట్టెలో నుంచి పెంచుట మాత్రము క్రొత్త. ఇటీవల మన విద్యార్థుల యిండ్లలో కొన్నింట లెపర్డ్ గెకో అను చిఱుతమచ్చల బల్లులు చేరినవి. అవి గ్రుడ్లు పెట్టుచున్నవి; గ్రుడ్లు పిల్లలగుచున్నవి; ఆ పిల్లలు మేత ముట్టుటలేదని మన బాలబాలికలు కంట తడిపెట్టుచున్నారు. కావున ఈ విషయమై తలిదండ్రులు తెలిసికొనదగిన సంగతులను ఇచట వివరింప బూనితిమి.

మొదట మా తప్పు నొకదానిని చెప్పుకొనుట మేలు. మా యింట తొలిసారి రెండు పిల్లలు గ్రుడ్డు వెడలినపుడు, రెండవదినమునకే అవి తినలేదని మేము కంగారుపడితిమి. ఒకదాని నోటిని పుల్లతో తెరచి పురుగును లోనికి త్రోసితిమి. అది నాలుగవనాటికి చనిపోయినది. రెండవదానిని ముట్టుటకు భయపడి ఊరకుంటిమి. అయిదవనాటి సాయంకాలమున అది తనంతట తానే ఇలకోడిపిల్లను పట్టి తిన్నది. ఆనాడు మాకు కలిగిన సంతోషముకన్న సిగ్గే యెక్కువ.

దూరప్రయాణము చేయువారు చద్దిమూట కట్టుకొనునట్లు, బల్లిపిల్లయు తన చద్దిని తానే తెచ్చుకొనును. గ్రుడ్డులోని పచ్చసొనలో మిగిలిన భాగము, పిల్ల బయటకు వచ్చు సమయమున దాని కడుపులోనికి పోవును. మొదటి కొన్నిదినములు ఆ సొనయే దానికి ఆహారము. ఒక్కొక్కపుడు సొన కొంచెము బొడ్డువద్ద అంటియుండుటయు కలదు. దానిని లాగరాదు, తుడువరాదు. తడిపిన మెత్తని కాగితముపై పిల్లను ఉంచినచో అది తనంతట ఇంకిపోవును, లేదా ఎండి రాలిపోవును.

పిదప జరుగవలసినది తొలి కుబుసము విడుచుట. ఇది కొన్నిటికి పుట్టిన దినముననే జరుగును. కొన్నిటికి రెండు మూడు దినములు పట్టును. పిల్ల తెల్లబారి మసకగా కనబడినచో కుబుసము విడుచు సమయము వచ్చినదని యెఱుగవలెను. విడిచిన తోలును తానే తినివేయుటచే, మనకు పెట్టెలో ఏమియు కనబడకపోవచ్చును. ఈ కుబుసము తొలగువరకు దానికి ఆకలి పుట్టదు. కావున పుట్టిన మూడు నాలుగు దినములు మేత ముట్టకపోవుట రోగము కాదు. అంతవరకు మూతలో కొంచెము నీరును, తడిగుడ్డ పరచిన చిన్న గూడును అమర్చిన చాలును. తడి లేనిచో తోలు కాలివ్రేళ్ళచుట్టు బిగిసి, తుదకు వ్రేళ్ళే ఊడిపోవు ప్రమాదము కలదు.

కుబుసము విడిచిన పిదపను తిననిచో, మొట్టమొదట చూడవలసినది వెచ్చదనము. మన శరీరమువలె బల్లి శరీరము తన వేడిని తాను పుట్టించుకొనలేదు. వెచ్చదనము చాలనిచో దానికి ఆకలియు లేదు, జీర్ణశక్తియు లేదు. తిన్నది కడుపులోనే చెడిపోవును. చిఱుతబల్లి పుట్టినిల్లు ఆఫ్ఘనిస్తానము, పాకిస్తానము, మన దేశపు వాయవ్యభాగము నందలి ఎండిన రాతినేలలు. కోయంబత్తూరు సముద్రమట్టమునకు సుమారు 400 మీటర్ల ఎత్తున, పాలక్కాడు కనుమ గాలికి ఎదురుగా నున్నది. మార్గశిర పుష్యమాసపు రాత్రులలో అచట వేడి 20 డిగ్రీలకు లోపడుట కలదు. అట్టి రాత్రి పెట్టెను కిటికీకడ నుంచి, తెల్లవారి “తినలేదే!” యని చింతించిన ఫలమేమి? పెట్టె అడుగున మూడవవంతు మేర వెచ్చని చాప పరచి, ఆ వైపు 31 లేక 32 డిగ్రీల సెంటిగ్రేడు, రెండవ వైపు 25 లేక 26 డిగ్రీలు ఉండునట్లు చూడవలెను. చేతితో తాకి ఊహింపక ఉష్ణమాపకముతో కొలువవలెను. మధురలో కష్టము వేఱువిధము. వేసవిలో 40 డిగ్రీలను సమీపించు మధ్యాహ్నములందు గాజుపెట్టెకు ఎండ సోకినచో పిల్ల గడియలో మడియును. అచట నీడయే మందు.

రెండవది చోటు. ముచ్చటపడి పెద్ద పెట్టె కొనుట పొరపాటు. పెద్ద పెట్టెలో పురుగు ఒక మూల, పిల్ల ఒక మూల నుండును. ప్రక్కలనుండి గాలియాడు చిన్న డబ్బా చాలును. అడుగున ఇసుక పోయరాదు, అది మేతతోకూడ కడుపులోనికి పోయి ప్రేగులకు అడ్డుపడును. కాగితము పరచిన మేలు. దాగుకొనుటకు రెండు గూళ్ళు, వెచ్చనివైపు ఒకటి, చల్లనివైపు ఒకటి ఉండవలెను. దాగుటకు చోటులేని పిల్ల భయముచే తినదు. తోబుట్టువులనైనను ఒకేచోట నుంచరాదు. బలమైనది తినును, బలహీనమైనది మాడును. మొదటి రెండు వారములు చేతులోనికి తీసికొనుట మానవలెను. ఈ నియమము మన పిల్లలకు మిక్కిలి కష్టమైనది; అయినను ఇదియే మిక్కిలి ముఖ్యమైనది.

మూడవది మేత. బల్లిపిల్ల రెండు కన్నుల నడుమనున్న వెడల్పుకన్న పెద్దదగు పురుగును వేయరాదు. చిన్న ఇలకోళ్ళు, చిన్న బొద్దింకపిల్లలు, మీల్ వర్ములని అంగళ్ళలో అమ్ము పిండిపురుగులలో మిక్కిలి సన్ననివి తగినవి. మందు చల్లిన యింట పట్టిన పురుగులను ఎన్నడును వేయరాదు, మిణుగురులు విషము. పురుగులకు ఒకదినము ముందు ఆకుకూర, క్యారెట్టు ముక్కలు తినిపించి, ‘డి3’ విటమినుతో కూడిన కాల్షియము పొడిని వానిపై పలుచగా అద్ది వేయవలెను. కాల్షియము లేనిచో ఎముకలు వంగి పిల్ల అవిటిదగును.

మేత వేయు వేళయు తెలియవలెను. ఇది సంధ్యవేళ వేటాడు జంతువు. కావున దీపాలు పెట్టు వేళ రెండు మూడు పురుగులను వేసి, మనము దూరముగా తొలగవలెను. బల్లి కంటికి కదలునదియే ఆహారము; కదలని పురుగు దానికి గులకరాయితో సమానము. ఇలకోడి మఱీ వేగముగా గంతులు వేసి పిల్లను బెదరించుచున్నచో దాని వెనుకకాళ్ళు తీసివేసినచో మెల్లగా ప్రాకును. అప్పటికిని తిననిచో, చిదిమిన పురుగు రసమును పుల్లకొనతో పెదవిపై ఒకింత తాకింపవచ్చును. పిల్ల నాలుకతో నాకి రుచి యెఱుగును. అంతకు మించి నోరు తెరచుట మనపని కాదు. తినక మిగిలిన ఇలకోళ్ళను రాత్రి పెట్టెలో విడువరాదు, అవి నిద్రించు పిల్లను కొరుకును.

మఱి ఎన్నాళ్ళు ఓపికపట్టవలెను? పుట్టిన పిల్ల తూకము ఇంచుమించు మూడు గ్రాములు. సవరను బంగారమున సగమైనను లేదు. చిన్న త్రాసుతో రెండుమూడు దినముల కొకసారి డబ్బాతో సహా తూచి వ్రాసికొనవలెను. క్రొవ్వు తోకలో నిలువయుండును గాన తోకను చూడవలెను. తోక నిండుగానున్నంతవరకు భయములేదు. తోక సన్నగిలి, తూకము తగ్గి, పదిదినములైనను తిననిచో, సరీసృపముల చికిత్స తెలిసిన పశువైద్యునికి చూపవలెను. గొట్టముతో ద్రవాహారము పెట్టవలసి వచ్చినను అది వైద్యుడు చేయదగినది.

తలిదండ్రుల కొక హెచ్చరిక. బల్లికి విషము లేదు. కాని సాల్మొనెల్లా అను సూక్ష్మక్రిమి దాని మలమున నుండవచ్చును. పెట్టెను తాకిన ప్రతిసారి సబ్బుతో చేతులు కడుగవలెను. దాని పాత్రలను వంటింట కడుగరాదు. అయిదేండ్లలోపు శిశువుల చేతికి ఈయరాదు. బల్లులను కొనుటకుముందు, 2022లో సవరింపబడిన 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ఏమనుచున్నదో అటవీశాఖవారి నడిగి తెలిసికొనవలెను. కొండకోనలనుండి పట్టితెచ్చినవానిని ఎన్నడును కొనరాదు. తిరుమల కొండల రాళ్ళసందులలో బంగారువన్నె బల్లి నివసించుచున్నది. చిఱుతబల్లికి దాయాదియగు మఱియొక జాతి తూర్పుకనుమలలో, ఉత్తరాంధ్రమునను ఒడిశాలోను కలదని 2022లోనే శాస్త్రజ్ఞులు గుర్తించి పేరిడిరి. అవి అచటనే యుండదగినవి.

తుదిగా మన గోడబల్లి మాట. భోగికి ముందు పాతసామాను దులుపునపుడు, పటముల వెనుక, బీరువా సందున, బఠాణీగింజంత తెల్లని గ్రుడ్లు రెండు కనబడును. వానిని పారవేయక, పొరలించక, ఉన్నచోటనే విడువుడు. పిల్లలు వెలువడినచో సీసాలో బంధింపవలదు. అవి ఆ రాత్రియే గోడప్రక్కకు చేరును. దీపము చుట్టు మూగు చిన్నపురుగులే వానికి మేత. మనము పెట్టవలసిన దేమియు లేదు.

గాజుపెట్టెలోని పిల్లకు మాత్రము ఆ గోడయు, ఆ దీపమును మనమే అమర్చవలెను. వెచ్చదనము, మఱుగు, తగిన మేత, వీనిని సిద్ధముచేయుట మన వంతు. నోరు తెరచుట దాని వంతు. సాయంకాలము దూరముగా కూర్చుండి, కదలక, మాటాడక ఆ పిల్ల తొలి వేటకై ఎదురుచూచు బాలుని చూచినపుడు, వానిని “చదువుకొనుము” అని లేపవలదని తలిదండ్రులను కోరుచున్నాము. వాడపుడు చదువుచునే యున్నాడు.