జేమ్స్ బాండ్ చంకలో దాగిన తోలు ఒర

హీరో పిస్తోలు తీస్తే హాల్లో ఈలలు పడతాయి. మరి ఆ పిస్తోలు అంతవరకూ ఎక్కడుంది? మేడమీంచి దూకినా ఎందుకు జారి పడలేదు? బిగుతు కోటు కింద ఉబ్బెత్తుగా ఎందుకు కనపడలేదు? ఇలా అడిగే ప్రేక్షకుడు ఏ లక్షమందిలోనో ఒకడుంటాడు. ఆ ఒక్కణ్ణీ నేనే అనుకోండి. గూఢచారి సినిమాలో అందరూ హీరో చెయ్యి చూస్తుంటే, నేను ఆయన చంక చూస్తుంటాను. నవ్వకండి! చూడాల్సింది అక్కడే ఉంది.

బట్టల చాటున పిస్తోలు పెట్టుకునేవాడికి సగం భద్రత పిస్తోలు వల్ల అయితే, మిగతా సగం దాని ఒర వల్ల. ఇంగ్లీషువాళ్ళు హోల్‌స్టర్ అంటారు. అది చెయ్యవలసిన పనులు నాలుగు. పిస్తోల్ని కదలకుండా పట్టుకోవాలి. పరాయి కంటికి ఆననివ్వకూడదు. కావలసిన క్షణంలో ఒంటిచేత్తో లాగితే రావాలి. అన్నిటికన్నా ముఖ్యంగా, ట్రిగ్గర్ని పూర్తిగా కప్పి ఉంచాలి. చిక్కేమిటంటే, బాగా దాగింది తొందరగా రాదు, తొందరగా వచ్చేది బాగా దాగదు. హోల్‌స్టర్ ఎంచుకోవడమంటే ఈ రెండింటి మధ్యా బేరమాడటమే.

ఫ్లెమింగ్ కి వచ్చిన ఉత్తరం

ఈ బేరంలో సాక్షాత్తూ జేమ్స్ బాండ్ ని పుట్టించిన ఇయాన్ ఫ్లెమింగే బోల్తా పడ్డాడు. 1953లో వచ్చిన మొదటి నవల 'కాసినో రాయల్' లో బాండ్ దగ్గరున్నది చిన్న .25 బెరెట్టా పిస్తోలు, పల్చటి మెత్తని తోలు ఒర. 1956లో గ్లాస్గో నగరంనించి జెఫ్రీ బూత్రాయిడ్ అనే ఆయుధ నిపుణుడు ఫ్లెమింగ్ కి ఉత్తరం రాశాడు. మీ కథలు బాగున్నాయి గానీ మీ వాడి తుపాకీ ఆడవాళ్ళ హేండ్ బ్యాగులోకి తప్ప పనికిరాదు అని దాని సారాంశం. స్మిత్ అండ్ వెసన్ వారి పొట్టి రివాల్వర్ని, దానికి తగ్గ బర్న్స్-మార్టిన్ హోల్‌స్టర్ని ఆయన సిఫారసు చేశాడు.

అభిమాని ఉత్తరాన్ని ఫ్లెమింగ్ చెత్తబుట్టలో వెయ్యలేదు. 1958 నాటి 'డాక్టర్ నో' నవలలో బాండ్ కి కొత్త ఆయుధం ఇప్పించాడు. ఇచ్చే అధికారికి మేజర్ బూత్రాయిడ్ అని పేరు కూడా పెట్టాడు! 1962లో ఆ నవల సినిమా అయినప్పుడు ఆ పాత్ర వేసింది పీటర్ బర్టన్. షాన్ కానరీ అయిష్టంగా పాత పిస్తోలు ఇచ్చేసి, కొత్తది తీసుకునే ఆ సన్నివేశం బాండ్ అభిమానులకు కంఠోపాఠం.

అసలు తమాషా ఇక్కడుంది. నవలలో బాండ్ కి దక్కింది 7.65 మిల్లీమీటర్ల వాల్తర్ పీపీకే పిస్తోలు. ఒర మాత్రం ఆ బర్న్స్-మార్టినే. ఆ ఒర రివాల్వర్ కోసం పుట్టింది. దాని ముందు భాగం తెరిచి ఉంటుంది. లోపలి స్ప్రింగు రివాల్వర్ సిలిండర్ని పట్టి ఉంచుతుంది. పీపీకేకి సిలిండరే లేదు, పలక లాంటి చదును పిస్తోలు. ఇక స్ప్రింగు దేన్ని పట్టుకుంటుంది? ఒకే ఒరలో రెండు కత్తులు ఇమడవని మనవాళ్ళు అన్నారు. ఒక తుపాకీ ఒరలో మరో తుపాకీ కూడా ఇమడదని ఫ్లెమింగ్ కి తట్టలేదు!

ఇంకో సంగతి గమనించారా? పాత బెరెట్టాని మార్చడానికి నవలలో చెప్పిన కారణం, వెనకటి కథలో అది బాండ్ బట్టల్లో చిక్కుకుని సమయానికి బయటికి రాకపోవడం. అంటే నేరం తుపాకీది కాదు, దాచుకున్న పద్ధతిది. శిక్ష మాత్రం తుపాకీకి పడింది. సినిమాలో ఈ కారణాన్ని మార్చి, పిస్తోలు పని చెయ్యకుండా బిగుసుకుపోయిందని చెప్పించారు.

కోటు ఉన్న హీరో, కోటు లేని హీరో

చంక కింద వేలాడే హోల్‌స్టర్ తెరకి మహా అందం. 1968లో వచ్చిన 'బుల్లిట్' లో స్టీవ్ మెక్వీన్ కోటు విప్పితే, భుజాల మీద పట్టీలు, వాటికి తలకిందులుగా వేలాడే పొట్టి రివాల్వరు కనపడతాయి. ఆ పద్ధతి శాన్‌ఫ్రాన్సిస్కోలో నిజంగా ఉద్యోగం చేసిన డేవ్ టోస్కీ అనే పోలీసు ఇన్స్పెక్టర్ని చూసి తీసుకున్నది. 1984లో మొదలైన 'మయామీ వైస్' టీవీ సీరియల్లో డాన్ జాన్సన్ వదులు కోటు కింద పిస్తోలు అడ్డంగా, నేలకి సమాంతరంగా ఉండేది. ఆ సీరియల్ ఎంత మోజు పుట్టించిందంటే, గాల్కో అనే అమెరికన్ కంపెనీ తన భుజం హోల్‌స్టర్ కి 'మయామీ క్లాసిక్' అని పేరే పెట్టింది.

అందం సరే, సౌకర్యం మాటేమిటి? ఒక పక్క పిస్తోలు, రెండో పక్క తూటాల మ్యాగజైన్లు పెడితే బరువు సమంగా పంచుకుంటుంది. కారులో కూర్చున్నా చేతికి అందుతుంది. కానీ కోటు విప్పితే గుట్టు రట్టే! పైగా అడ్డంగా ఉన్న పిస్తోలు గొట్టం ఎప్పుడూ వెనకున్నవాడి వైపు చూస్తూంటుంది. తీసేటప్పుడు ఏమరుపాటుగా ఉంటే తన ఎడమ చేతినే గురి చూస్తుంది. చలిదేశంలో కోటు వేసుకు తిరిగే బాండ్ కి చెల్లింది గానీ, రోహిణికార్తెలో బెజవాడ బందరు రోడ్డు మీద ఆ వేషం వేస్తే హోల్‌స్టర్ కన్నా ముందు మనిషే కరిగిపోతాడు.

అందుకే అమెరికాలో నిత్యం పిస్తోలు పెట్టుకునే మామూలు మనుషుల్లో ఎక్కువమంది నడుమునే నమ్ముకుంటారు. కుడిచేతివాటం వాళ్ళు కుడి తుంటి మీద, కాస్త వెనగ్గా, పంట్లాం లోపలో పైనో పెట్టుకుంటారు. పీపీకే లాంటి చిన్న పిస్తోలు పొడవు 155 మిల్లీమీటర్లు, బరువు రమారమి 600 గ్రాములు. దాచడానికి కష్టమైంది గొట్టం అనుకుంటాం. కాదు, పిడి! గొట్టం పంట్లాంలోకి పోతుంది, పిడి చొక్కాని పొడుచుకొస్తుంది. అంచేత ఒరని కాస్త ముందుకి వాల్చి కుడితే పిడి ఒంటికి అంటుకుని పడుకుంటుంది.

తోలు చూసి, నోరు చూసి...

కొనేవాడు మొట్టమొదట చూడాల్సింది, ఆ ఒర తన పిస్తోలు మోడల్ కోసమే చేసిందా కాదా అని. మంచి పనివాడు తోలుని తడిపి, ఆ పిస్తోలు అచ్చు మీద నొక్కి, ఆరబెట్టి ఆకారం తెస్తాడు. అప్పుడు పట్టీ, బొత్తాం లేకపోయినా రాపిడితోనే పిస్తోలు నిలుస్తుంది. కొత్త ఒర మరీ బిగుతుగా ఉంటే కంగారు పడనక్కర్లేదు. తూటాలన్నీ తీసేసిన పిస్తోల్ని పల్చటి పాలిథిన్ సంచిలో చుట్టి, ఒక రాత్రి అందులో ఉంచితే సర్దుకుంటుంది.

రెండోది తోలు. చెట్ల బెరళ్ళతో, కాయలతో పదును చేసిన ఆవుతోలు గాని గుర్రపుతోలు గాని గట్టిగా నిలుస్తుంది. మనవైపు తంగేడు చెక్క, కరక్కాయలతో చేసే పదును కూడా ఈ జాతిదే. క్రోమియం లవణాలతో పదును చేసిన తోలు మెత్తన, ఆకారం నిలవదు. ఉక్కుకి తుప్పు పట్టించే గుణం కూడా దానికుంది. ఏ తోలైనా చెమ్మ పీలుస్తుంది కనక, ఇంటికి రాగానే పిస్తోలు తీసి, తుడిచి, తాళం వేసి విడిగా పెట్టడమే మేలు.

మూడోది ఒర నోరు. పిస్తోలు తీశాక ఆ నోరు ముడుచుకుపోకూడదు. అందుకే అక్కడ రెండో పొర తోలు గాని, లోపల రేకు గాని పెట్టి కుడతారు. ఇది సోకు కాదు సుమండీ! పాతబడి మెత్తబడ్డ తోలు అంచు లోపలికి మడత పడిందనుకోండి. పిస్తోల్ని తిరిగి దూరుస్తున్నప్పుడు ఆ మడతే వేలిలా ట్రిగ్గర్ని నొక్కుతుంది. తూటా తొడలోకి పోతుంది. ఇలాంటి ప్రమాదాలు జరిగాయి. కాబట్టి మెత్తబడ్డ ఒరని మమకారం కొద్దీ దాచుకోకూడదు, పారెయ్యాలి.

నాలుగోది బెల్టు. ఒంటిపొర మెత్తటి బెల్టుకి ఎంత ఖరీదైన ఒర తగిలించినా వేలాడుతుంది. ఒర పంట్లాం లోపలైతే నడుము కొలత ఓ అంగుళం, రెండంగుళాలు ఎక్కువ పెట్టించాలి. జేబులో పెట్టుకునే ఒరైతే ఆ జేబులో తాళంచెవి కూడా ఉండకూడదు. పిస్తోలుతో పాటు ఒర ఊడి రాకూడదు. నడిమి వెన్నుపూస మీద మాత్రం పెట్టుకోవద్దంటారు. వెల్లకిలా పడితే ఇనుము వెన్నునే దెబ్బ తీస్తుంది.

మన హీరోలు, నడుము దోపు

1966లో 'గూఢచారి 116' తో ఆంధ్రా జేమ్స్ బాండ్ అనిపించుకున్న కృష్ణ మొదలు 2018 'గూఢచారి' లో అడివి శేష్ దాకా మనకీ గూఢచారులకు కొదవ లేదు. అయినా మన తెర మీద ఎక్కువగా కనపడేది హీరో పిస్తోల్ని పంట్లాం వెనక వట్టినే దోపుకోవడం. ఒరా లేదు, గిరా లేదు.

నిజజీవితంలో ఆ దోపు ఏం చేసిందో చెప్తాను. 2008 నవంబరులో అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు ప్లాక్సికో బర్రెస్ న్యూయార్కు నైట్‌క్లబ్బులో పిస్తోల్ని నడుములో దోపుకుని ఉండగా అది జారింది. పట్టుకోబోతే పేలి, తొడలో దిగింది. అక్కడ దానికి పర్మిట్టు కూడా లేకపోవడంతో 2009లో రెండేళ్ళ జైలు శిక్ష పడింది. మన దేశంలో, 2024 అక్టోబరు 1 తెల్లవారుజామున, హిందీ నటుడు గోవింద ఇంట్లో లైసెన్సు రివాల్వర్ చేజారి పేలడంతో కాలికి తూటా తగిలి ఆస్పత్రి పాలయ్యాడు. అక్కడ విలన్ లేడు, ఛేజింగ్ లేదు. పెట్టాల్సిన చోట పెట్టేలోపు జరిగిన ప్రమాదం అది.

మన దేశంలో 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు ఉన్నవాళ్ళకే ఈ గొడవంతా. మనలాంటి ప్రేక్షకులకి ఒర కొనే అవసరం రాదు. కానీ మన దర్శకులకి, దుస్తులు చూసేవాళ్ళకి ఒక్క మనవి. హీరోకి పిస్తోలు ఇచ్చే రోజునే దానికి కుదిరే ఒర కూడా ఇచ్చి, దాన్ని చూశాకే కోటు కొలతలు తీయించండి. ఆ సినిమాకి మొదటి టిక్కెట్టు నాదే!