సినిమా బడికి వెళ్తానన్న బిడ్డ



2016లో ఒక ఆదివారం ఆరాధన ముగిసాక మా కోటవురట్ల సంఘంలోని ఒక యౌవనస్థుడు మాతో మాట్లాడాలని ఆగాడు. నర్సీపట్నంలో డిగ్రీ పూర్తి చేసినవాడు. క్రిస్మస్ నాటికకు తెరలు కట్టేది, లైట్లు అమర్చేది, గొర్రెల కాపరుల దృశ్యాన్ని ఏటా కొత్తగా చూపించేది అతడే. పూనాలో ప్రభుత్వం నడిపే సినిమా శిక్షణ సంస్థకు ప్రవేశ పరీక్ష రాస్తానన్నాడు. వెనకాలే తల్లి వచ్చింది. "మీరైనా చెప్పండి అయ్యగారూ, ఈడు సినిమాలంటన్నాడు. ఇంటి పరువేం కావాలి?" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

మేము చెప్పాము. మొదటి కీర్తన తీసి అరగంట మాట్లాడాము. ఆ సంస్థలో ఏమి నేర్పుతారో, ఎన్నేళ్ళు నేర్పుతారో, అక్కడ చదివినవారు ఏమయ్యారో ఒక్క ప్రశ్న అడగలేదు. మాకు సినిమా అంటే గోడమీద పోస్టరు, హాలు ముందు ఈలలు, అంతే. ప్రార్థన చేశాము. అతడు తల వంచుకుని ఆమేన్ అన్నాడు. తరువాత అచ్యుతాపురం వైపు మందుల ఫ్యాక్టరీలో చేరాడు. సెలవు రోజుల్లో పెళ్ళిళ్ళకు వీడియో తీస్తున్నాడు.

2024 మే నెలాఖరున అతడు సెలవుకు వచ్చి, వార్తాపత్రికలోంచి కత్తిరించిన ఒక ముక్కను మా బల్లమీద పెట్టి వెళ్ళాడు. ఏమీ అనలేదు. అదే మమ్మల్ని ఎక్కువ బాధించింది. ఆ ముక్కలో ఉన్నదాన్ని, ఆ తరువాత మేము చదివి తెలుసుకున్నదాన్ని మీతో పంచుకోవడానికే ఈ వ్యాసం.

ఫ్రాన్సు దేశంలోని కాన్ పట్టణంలో ఏటా జరిగే చలనచిత్రోత్సవం ప్రపంచంలో పేరున్నది. 2024లో జరిగినది 77వది. అందులో ప్రధాన పోటీకి మన దేశపు చిత్రం ఒకటి 30 ఏళ్ళ తరువాత ఎంపికయింది. పేరు 'ఆల్ వుయ్ ఇమాజిన్ యాజ్ లైట్'. దానికి ముందు 1994లో వెళ్ళినది షాజీ ఎన్. కరుణ్ తీసిన మలయాళ చిత్రం 'స్వహం'. ఈసారి మన చిత్రానికి ఆ ఉత్సవంలో రెండవ అత్యున్నత బహుమతి అయిన గ్రాండ్ ప్రీ లభించింది. తీసినది పాయల్ కపాడియా అనే సహోదరి. ఆమె చదివినది పూనాలోని ఆ సంస్థలోనే. షాజీ ఎన్. కరుణ్ కూడా అక్కడి విద్యార్థే. పాయల్ బాల్యంలో కొంతకాలం చదివినది మన మదనపల్లె దగ్గరి రిషీ వ్యాలీ పాఠశాలలో. ఆ చిత్రాన్ని మన దేశంలో విడుదల చేసినది మన రానా దగ్గుబాటి సంస్థ. ఇంత దగ్గరి సంగతి మాకు ఇంత ఆలస్యంగా తెలిసింది.

ఆ చిత్రం దేని గురించి అనుకుంటున్నారు? నర్సుల గురించి. కేరళనుండి ముంబయి వచ్చి ఆసుపత్రిలో పనిచేసే ఇద్దరు నర్సులు ఒకే గదిలో అద్దెకుంటారు. పెద్దామె ప్రభ. పెళ్ళయిన కొద్దికాలానికే భర్త జర్మనీ వెళ్ళిపోయాడు, ఫోను కూడా ఆగిపోయింది. ఒకరోజు పంపినవారి పేరు లేని పార్సిలు వస్తుంది. విప్పి చూస్తే అన్నం వండే కుక్కరు, జర్మనీలో తయారైనది. చిన్నామె అను. ఆ ఆసుపత్రిలోనే వంటపని చేసే పార్వతి అనే విధవరాలిని బిల్డర్లు ఇంట్లోంచి వెళ్ళగొట్టబోతారు. ఇంటి కాగితాలేవీ ఆమె దగ్గర లేవు. ఇరవై ఏళ్ళకు పైగా ఉన్న ఇంట్లో తాను ఉన్నానని రుజువు చేసుకోలేని స్త్రీ!

పాఠకులారా, మన సంఘాల్లో నర్సింగ్ చదివి హైదరాబాదుకో, ముంబయికో, గల్ఫుకో వెళ్ళిన ఆడబిడ్డలు లేని సంఘం ఏది? వారు పంపిన డబ్బుతో తమ్ముళ్ళు చదువుతారు, ఇంటికి స్లాబు పడుతుంది, గుడికి కొత్త మైకు వస్తుంది. ఆ బిడ్డ రాత్రి డ్యూటీ దిగి గదికి వెళ్ళి ఎవరితో మాట్లాడుతుందో మనం అడగము. కానుక కవరు మీద పేరు చదివి చప్పట్లు కొట్టిస్తాము. సంవత్సరాల తరబడి ప్రసంగాలు చేస్తున్న మేము నర్సుల ఒంటరితనం గురించి ఒక్క ప్రసంగం చేయలేదు. సినిమా బడిలో చదివిన ఒక స్త్రీ చేసింది, ప్రపంచమంతా కూర్చుని చూసింది.

ఒక సంగతి దాచకుండా చెప్పాలి. ఆ చిత్రంలో పెద్దలకు మాత్రమే తగిన సన్నివేశాలున్నాయి. కుటుంబమంతా కూర్చుని చూడండని మేము చెప్పడం లేదు. అను కథ నడిచిన తీరుతో మాకు పూర్తిగా ఏకీభావం లేదు కూడా. అయినా ఆ కుక్కరును ప్రభ వంటగదిలో నేలమీద కూర్చుని రెండు చేతులతో పట్టుకునే దృశ్యాన్ని చూసినవారు దూరదేశంలో ఉన్న భర్త కోసం ఎదురు చూసే మన చెల్లెళ్ళను ఇక తేలికగా చూడలేరు.

ఇంతకూ ఆ బడిలో ఏముంది? భారత ప్రభుత్వం 1960లో దాన్ని పూనాలో స్థాపించింది. ఒకప్పుడు ప్రభాత్ స్టూడియో ఉన్న స్థలమది. 1936లో 'సంత్ తుకారాం' అనే భక్తుని చిత్రం తయారైనదీ, 1937లో వెనిస్ ఉత్సవంలో గుర్తింపు పొందినదీ ఆ ఆవరణనుండే. 1995లో కలకత్తాలో సత్యజిత్ రాయ్ పేరుతో రెండవ సంస్థ వచ్చింది. దర్శకత్వం, ఛాయాగ్రహణం, కూర్పు, శబ్దం - ఇలా ఒక్కొక్కరు ఒక్కొక్క విద్యను ఏళ్ళతరబడి నేర్చుకుంటారు. చివరికి నాలుగు విద్యలవారు కలిసి ఒక చిన్న చిత్రం తీసి చూపాలి. తెరమీద మనకు కనబడే ముఖం వెనుక అంత పని ఉందని మాకెవరూ చెప్పలేదు. మేము అడగనూ లేదు.

శబ్దం అంటే గుర్తొచ్చింది. 2009లో 'స్లమ్‌డాగ్ మిలియనీర్' చిత్రానికి శబ్ద మిశ్రమంలో ఆస్కార్ అందుకున్న రసూల్ పూకుట్టి పూనా విద్యార్థే. కేరళలో కొల్లం జిల్లా పల్లెటూరి బీద కుటుంబం. చిన్నప్పుడు ఊరికి కరెంటు లేదు, కిరోసిన్ దీపం దగ్గర చదువుకున్నాడు. మన ఏజెన్సీ గ్రామాల పిల్లలకు ఈ కథ చెప్పండి.

కాన్‌లో అదే 2024లో విద్యార్థుల చిత్రాలకు వేరే పోటీ జరిగింది. 555 సినిమా బడులనుండి 2,263 చిత్రాలు వస్తే 18 మాత్రమే ఎంపికయ్యాయి. వాటిలో మొదటి బహుమతి మళ్ళీ పూనాకే. తీసిన చిదానంద ఎస్. నాయక్ మైసూరులో వైద్యం చదివిన డాక్టరు! డాక్టరు చదువు చదివి, పూనాలో ఒక ఏడాది టెలివిజన్ కోర్సులో చేరాడు. మన ఇళ్ళలో ఇలా జరిగితే ఉపవాస ప్రార్థనలు పెట్టించేవారు. 16 నిమిషాల ఆ కన్నడ చిత్రాన్ని నాలుగు రోజుల్లో తీశారు. కథ మన నాయనమ్మలు చెప్పే కథలాంటిది. ఒక ముసలమ్మ ఊరి కోడిని దొంగిలిస్తుంది. కోడి కూయదు కాబట్టి పొద్దు పొడవదు, ఊరంతా చీకట్లో ఉండిపోతుంది. సంచికి కట్టిన పాత కథను తీసి ప్రపంచం ముందు పెట్టాడు, 15,000 యూరోల బహుమతి తెచ్చాడు. మన ఊళ్ళలో ఇలాంటి కథలు ఎన్ని లేవు!

మన తెలుగువారిలోనూ ఉన్నారు. 'మగధీర', 'ఈగ', 'బాహుబలి', 'ఆర్ఆర్ఆర్' చిత్రాలకు కెమెరా పట్టిన కె.కె. సెంథిల్ కుమార్ సికింద్రాబాదువారు, పూనాలో చదివినవారు. 2023 మార్చిలో ఆస్కార్ అందుకున్న 'నాటు నాటు' పాటను 2021లో యుక్రెయిన్ రాజధాని కీవ్‌లోని రాజభవనం ముందు తీసినది ఆయన కెమెరాయే. పాట రాసినవారి పేరూ, స్వరపరచినవారి పేరూ అందరికీ తెలుసు. కెమెరా వెనుక మనిషి పేరు మాకు ఆ కుర్రవాడు చెబితేనే తెలిసింది. శేఖర్ కమ్ముల అమెరికాలోని హోవర్డ్ విశ్వవిద్యాలయంలో సినిమా చదివి, 2000లో 'డాలర్ డ్రీమ్స్'తో తొలి చిత్ర దర్శకునిగా జాతీయ బహుమతి పొందారు. 1971లో మన విశాఖ తీరాన మునిగిన జలాంతర్గామి కథతో 2017లో 'ఘాజీ' తీసిన సంకల్ప్ రెడ్డి ఆస్ట్రేలియాలో సినిమా చదివారు. ఆ చిత్రానికీ జాతీయ బహుమతి వచ్చింది.

బడికి వెళ్ళనిదే పని రాదని మేము అనడం లేదు. మా నర్సీపట్నం ప్రాంతంనుండి వెళ్ళిన దర్శకుడు పూరి జగన్నాథ్ మరొక దర్శకుని దగ్గర పనిచేసి నేర్చుకున్నారు. అయితే అలా వెళ్ళి మద్రాసులోనూ హైదరాబాదులోనూ ఫుట్‌పాత్‌లమీద పడుకుని, ఖాళీ చేతులతో తిరిగి వచ్చినవారు ఎందరో. వారి పేర్లు పత్రికల్లో రావు. బడిలో కనీసం పని నేర్పుతారు, కాగితం చేతికిస్తారు. తల్లిదండ్రులకు అది చిన్న సంగతి కాదు.

బడి అన్నంత మాత్రాన అన్నీ సాఫీగా సాగవు. 2015లో పూనా విద్యార్థులు తమ సంస్థ అధ్యక్షుని నియామకం సరికాదని 139 రోజులు తరగతులు బహిష్కరించారు. పాయల్ వారిలో ఉంది. ఆమె ఉపకారవేతనం ఆగిపోయింది, ఆమెతో సహా 35 మంది విద్యార్థులమీద పోలీసు కేసు కూడా పడింది. 2017లో ఆమె విద్యార్థిగా తీసిన చిన్న చిత్రం కాన్‌కు ఎంపికైనప్పుడు ప్రయాణానికి సహాయం చేసినదీ ఆ సంస్థే. 2025లో ఆమె కాన్‌కు న్యాయనిర్ణేతగా వెళ్ళింది. పిల్లలు ఎదురు మాట్లాడితే మనం సంఘంలోనూ ఇంట్లోనూ ఎన్నాళ్ళు మనసులో పెట్టుకుంటామో ఆలోచించుకోవాలి.

లేఖనంలో ఈ విషయం లేదా అని వెదికితే నిర్గమకాండము 31వ అధ్యాయంలో బెసలేలు దొరికాడు. దేవుడు ఒక మనిషిని తన ఆత్మతో నింపిన సందర్భం అది. దేనికి? ప్రవచించడానికి కాదు, యుద్ధానికి కాదు. బంగారం, వెండి, ఇత్తడి, రత్నాలు, చెక్క - వీటితో పని చేయడానికి. 35వ అధ్యాయంలో మరొక మాట ఉంది, మేము ఎన్నోసార్లు చదివి దాటిపోయిన మాట. ఇతరులకు నేర్పే మనసు కూడా దేవుడే అతనికీ, అహోలీయాబుకూ ఇచ్చాడట. అంటే అరణ్యంలో ఒక పనిబడి నడిచిందన్నమాట. ఈ రెండు అధ్యాయాల మధ్య 32వ అధ్యాయంలో బంగారు దూడ ఉంది. అదీ బంగారమే, అదీ పనితనమే. 2016లో ఆ యౌవనస్థునికి మేము దూడను మాత్రమే చూపించాము. ప్రత్యక్ష గుడారం ఎవరు కట్టారో చెప్పలేదు.

మనకు దగ్గరలోనే ఏటికొప్పాక ఉంది. అంకుడు చెక్కమీద లక్క రంగులెక్కించి బొమ్మలు చేస్తారు. చక్రం ముందు కూర్చుని చెయ్యి కుదరడానికి ఏళ్ళు పడుతుంది. ఆ బొమ్మలు కొని ఇంట్లో పెట్టుకుంటాము, అతిథులకు బహుమతిగా ఇస్తాము, ఆ పని పాపమని అనము. సినిమా ఇల్లు వేరు, దాని శోధనలు వేరు అంటారు. నిజమే. ఫ్యాక్టరీలో శోధనలు లేవా? ఆ కుర్రవాడు షిఫ్టులమూలంగా ఆదివారాలు ఎన్ని పోగొట్టుకున్నాడో మాకు తెలుసు, ఎందుకంటే హాజరు పుస్తకం మేమే రాస్తాము.

అసలు మనం సినిమాను వద్దన్నామా? మిషనరీల కాలంలో మాజిక్ లాంతరుతో బొమ్మలు చూపి సువార్త చెప్పేవారని మా పెద్దలు అనేవారు. 1978లో విడుదలైన 'కరుణామయుడు' చిత్రాన్ని తెర కట్టి, ప్రొజెక్టరు పెట్టి ఊరూరా చూపించారు. బడి మెట్లెక్కనివారు సిలువ దృశ్యం దగ్గర ఏడ్చారు. విజయచందర్ ముఖాన్నే ప్రభువు ముఖమనుకున్న ముసలమ్మలను మేమెరుగుదుము. ఆ చిత్ర దర్శకుడు ఎ. భీమ్‌సింగ్. ఆయన ఆ పనిని ఎక్కడో ఒకచోట, ఎవరిదో ఒకరి దగ్గర నేర్చుకునే ఉంటాడు కదా! ఫలం తిన్నాము, చెట్టు నాటవద్దన్నాము.

ఆ యౌవనస్థుని దగ్గరకు వెళ్ళి మా తప్పు ఒప్పుకున్నాము. "పర్లేదండి అయ్యగారు" అన్నాడు. ఇప్పుడు పరీక్ష రాయమంటే నవ్వాడు. పెళ్ళయింది, పాప ఉంది, ఇంటి అప్పు ఉంది. "నాది అయిపోయిందండి. మా చెల్లెమ్మని అడ్డుకోకండి" అన్నాడు.

చెల్లెలు డిగ్రీ ఆఖరు సంవత్సరం. అన్న తీసిన పెళ్ళి వీడియోలను కంప్యూటరులో కూర్చి పెట్టేది ఆ బిడ్డే. మూడు గంటల పెళ్ళిని పది నిమిషాలు చేసి చూపిస్తే పెళ్ళివారే ఆశ్చర్యపోయారట. కూర్పు విద్యకు దరఖాస్తు పెడతానంటోంది. ఏ డిగ్రీ అయినా చాలునట. తండ్రికి ఇష్టం లేదు. చెరకు డబ్బు వచ్చాక చూద్దామని దాటవేస్తున్నాడు. గత నెలలో రెండు సాయంత్రాలు ఆ ఇంటి అరుగుమీద కూర్చున్నాము. వాక్యం తీయలేదు. ఆ సంస్థ ప్రభుత్వానిదని, హాస్టలు ఉందని, ఆడపిల్లలు చదువుతున్నారని, పైన రాసిన సంగతులన్నీ ఒక్కొక్కటిగా చెప్పాము. తండ్రి వింటూ ఊరుకున్నాడు. ఫీజు, హాస్టలు ఖర్చు ఎంతవుతుందో కనుక్కొని రమ్మన్నాడు. కనుక్కుంటున్నాము. సంఘ పెద్దల్లో ఇద్దరు మామీద కోపంగా ఉన్నారు.

తల్లి మాత్రం ఒక్కటే అడిగింది. "అక్కడ ఆదివారం పూట మన తెలుగు గుడి ఉంటాదా అయ్యగారూ?"

పూనాలో మాకు తెలిసిన ఒక సేవకునికి ఉత్తరం రాశాము. ఆ సంస్థకు దగ్గరలో తెలుగు ఆరాధన ఎక్కడ జరుగుతుందో, ఆ బిడ్డను ఆదివారం వెంటబెట్టుకుని వెళ్ళగలిగే కుటుంబం ఏదైనా ఉందేమో అడిగాము. జవాబు ఇంకా రాలేదు.