కృష్ణ నీరు – యురేనియపు గని



హైదరాబాదు పాతబస్తీ కుళాయిలలో వచ్చు నీటిలో కృష్ణానది పాలు గలదు. నాగార్జునసాగరము వెనుకటి జలము అక్కంపల్లి జలాశయమునకు చేరి, అచ్చటినుండి నగరమునకు వచ్చుచున్నది.

ఆ సాగరమునకు చేరువనే నల్లగొండ జిల్లా పెద్దగట్టు, లంబాపూరు గ్రామములు గలవు. అచ్చట యురేనియము త్రవ్వుటకు భారత యురేనియము సంస్థ తలపెట్టగా, 2003లో జరిగిన బహిరంగ విచారణలో గ్రామస్థులు, తండావాసులు గట్టిగా అడ్డు చెప్పిరి.

ఇది తెలియనివారి భీతియని కొందరనిరి. అది న్యాయముగాదు. వేయి మణుగుల రాతిని పిండి చేసినను ఒక మణుగు యురేనియము దొరకుట అరుదు. తక్కిన పిండియంతయు బురదయై గుంటలలో నిలువయుండును. అందలి రేడియము సగమునకు తరుగుటకే ఇంచుమించు 1600 సంవత్సరములు పట్టును. గుంట గట్టు అన్నేండ్లు నిలుచునని పూచీ పడువారెవ్వరు? మన చెరువుకట్టల సంగతి మీరెరుగనిది కాదుగదా!

శుద్ధి కర్మాగారమునకు మొదట ఎంచిన మల్లాపురము అక్కంపల్లికి సమీపము. అందుచేత పల్లెవారి మాట పట్టణమువారికిని సొంతమాటయైనది. ఆక్షేపణలు పెరుగగా ఆ స్థలమును విడిచి, సేరిపల్లిని ఎంచిరి.

తరువాత నల్లమల వంతు వచ్చినది. చెంచులు మొదలుగా పలువురు ఎదిరింపగా, 2019 సెప్టెంబరు 16వ తేదీన తెలంగాణ శాసనసభ అచ్చట యురేనియపు త్రవ్వకము వలదని తీర్మానించెను. కడప జిల్లా తుమ్మలపల్లెలో మాత్రము గని ఆరంభమైనది. బోరుబావుల నీరు చెడినదని చుట్టుప్రక్కల రైతులు మొరపెట్టుకొనిరి.