పాత కారుకు కొత్త నిప్పు

మా నాయనగారు మాకు వదలిపోయిన ఆస్తి 1964 నాటి అంబాసిడరు కారు ఒక్కటే. అమ్మెయ్యమని బంధువులు, వద్దని మా అమ్మ. క్రిందటి వానాకాలంలో ఒక రాత్రి ఆయాసంతో వున్న అమ్మను ఆసుపత్రికి తీసుకొనిపోతూంటే, అడయారు వంతెన దగ్గర అది కాస్తా ఆగిపోయింది. ఆటోలో చేర్చి గండం గట్టెక్కాము. మరునాడు అన్నయ్య, "ఇక దీన్ని తూకానికి వేసెయ్యరా" అన్నాడు. మేము ఒక నెల గడువు అడిగాము.

తప్పు పాయింట్లది. డిస్ట్రిబ్యూటరులో రెండు చిన్న లోహపు ముక్కలు కలుస్తూ విడిపోతూ వుంటాయి. విడిపోయినప్పుడల్లా కాయిలుకు పోయే 12 వోల్టుల కరెంటు తెగుతుంది; ఆ తెగడంతోనే కాయిలులో వేల వోల్టులు పుట్టి ప్లగ్గులో నిప్పురవ్వ రాలుతుంది. అమెరికాలో చార్లెస్ కెట్టరింగు కనిపెట్టిన యీ పద్ధతి కాడిలాక్ కార్లలో వచ్చింది. నాలుగు సిలిండర్ల యింజను నిముషానికి 3000 చుట్లు తిరిగితే పాయింట్లు 6000 సార్లు విడిపోవాలి. అవి మాత్రం ఎన్నాళ్ళని ఓర్చుకుంటాయి! మొగాలు కాలుతాయి, మడమ అరుగుతుంది, సందు తగ్గి నిప్పు ఆలస్యమవుతుంది.

వీటి స్థానంలో ఇప్పుడు సెన్సారు దొరుకుతుంది. రోటరు క్రింద అయస్కాంతపు కట్టు తిరుగుతూంటే, ఎదుటనున్న చిన్న బిళ్ళ దాన్ని తాకకుండానే పసిగట్టి కరెంటును తెంచుతుంది. 1879లో ఎడ్విన్ హాల్ కనిపెట్టిన ధర్మమే దీనికి ఆధారం. రాపిడి లేదు గనుక అరుగుదల లేదు. కండెన్సరుతోనూ పని లేదు.

సగం నెల జీతం పోసి ఒకటి కొన్నాము. ఆదివారంనాడు స్వహస్తాలతో బిగించి తాళం తిప్పాము. పొగ లేదు, చప్పుడు లేదు, చచ్చి వూరుకుంది. పుదుపేట మేస్త్రీ చూసి నవ్వాడు. "బ్యాటరీ చూడలేదా సార్? ధనం బాడీకి కట్టి వుంది" అన్నాడు. ఇంగ్లీషు నమూనా పాత కార్లు చాలావాటికి అదే కట్టు. మేము కొన్నదేమో ఋణం బాడీకి వుండే కార్లకు. కాగితంమీద మొదటి వరుసలోనే వ్రాసి వుంది. రోజూ ఆఫీసులో పరుల కాగితాలలో తప్పులు వెదికే మేము దాన్ని చదవలేదు! ఇంట్లో యీ ముక్క చెప్పడానికి రెండు రోజులు పట్టింది.

రెండోసారి మేస్త్రీ దగ్గర వుండి చేయించాడు. బ్యాటరీ త్రిప్పి కట్టి, కాయిలు తీగలు మార్చి, డైనమో ఫీల్డు తీగ వూడదీసి, ఆ మొనకు బ్యాటరీ తీగను రెండుమూడుసార్లు ఇలా తగిలించి అలా తీశాడు. అది కొత్త దిక్కు నేర్చుకోవడానికట. కాయిలు నిరోధం కొలిస్తే 3 ఓములు వచ్చింది. మరీ తక్కువైతే సెన్సారు వేడెక్కి మాడిపోతుంది. రాగి ప్లగ్గు తీగలు తీసి కార్బను తీగలు వేశాము. చివరకు మెరుపు దీపం పట్టి టైమింగు సరిచేశాడు. యింజను ఆగి వుండగా తాళం తెరిచి వుంచవద్దని మరీమరీ చెప్పాడు.

పది రోజులకు అమ్మను ఎక్కించుకొని తిరుత్తణి పోయి వచ్చాము. అన్నయ్య ముందు సీటులో కూర్చున్నాడు. తూకం మాట ఎత్తలేదు. పాత పాయింట్లూ కండెన్సరూ గుడ్డలో చుట్టి అరలో పెట్టుకునే పోయాము. సెన్సారు చస్తే దారిలో బాగుచేసే వీలులేదు. పాయింట్లయితే అరగంట పని.