వరి తరువాత నూనెగింజ: ఖరగ్‌పూర్ తెలుగు కుటుంబాలకు

బెంగాల్-నాగ్‌పూర్ రైల్వే కాలంలోనే శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల కుటుంబాలనేకం ఖరగ్‌పూర్‌కు తరలివచ్చి వర్క్‌షాపులోను, లైన్లమీదను జీవనం సాగించాయి. తరాలు మారినా మట్టిమీది మమకారం తగ్గలేదు. పదవీ విరమణ సొమ్ముతో పట్టణం చుట్టుపక్కల రెండు మూడెకరాలు కొని, కుమారులతో కలిసి సేద్యం చేద్దామనుకునేవారు మీలో ఉండవచ్చు. ఆ సొమ్ము మరల వచ్చేది కాదు. అందుచేత తొందర వద్దు.

ముందుగా పర్చా చూడండి. పశ్చిమ బెంగాల్‌లో భూమి రికార్డులో బర్గాదారు, అనగా పాలికి సాగుచేసే రైతు పేరు ఉంటే, భూమి చేతులు మారినా అతని సాగు హక్కు పోదు. 1978లో మొదలైన ఆపరేషన్ బర్గా ద్వారా లక్షలాది పేర్లు నమోదయ్యాయి. నాగలి, ఎడ్లు, ఎరువు, విత్తనం యజమాని సమకూర్చితే పంట చెరిసగం. లేనిచో యజమానికి దక్కేది పావు వంతే. బ్లాకు భూ కార్యాలయంలో విచారించకుండా బయానా ఇవ్వకండి.

ఇక పంటలు. ఇక్కడ ‘ఆమన్’ అని పిలిచే వానాకాలపు వరి ఇంటి తిండికి, నూనెగింజ చేతి ఖర్చుకు. రెండూ ఒకే చేనులో పండాలంటే వరి సకాలంలో చేను ఖాళీ చేయాలి. ముందు బండి లైను విడవనిదే వెనుక బండికి సిగ్నల్ పడదని రైల్వేవారికి చెప్పనక్కరలేదు! మన మార్టేరు పరిశోధనా స్థానంలో పుట్టిన స్వర్ణ బెంగాల్ రైతుకూ ప్రీతిపాత్రమే. కానీ అది సుమారు 150 రోజుల రకం. జూన్ 20న నారు పోస్తే నవంబరు మూడవ వారం వరకు కోతకు రాదు. అటుపిమ్మట విత్తిన ఆవాలను పేనుబంక పీల్చివేస్తుంది. అదే మార్టేరు నుంచి వచ్చిన ఎం.టి.యు. 1010, అనగా కాటన్‌దొర సన్నాలు, సుమారు 120 రోజులకే పండుతుంది. ధాన్యం కొంత తగ్గినా అక్టోబరు చివరికల్లా ఆవాలు విత్తుకోవచ్చు. నా అభిప్రాయంలో మెరక చేలకు ఇదే లాభం. నీరు నిలిచే పల్లపు మడిలో మాత్రం స్వర్ణనే ఉంచండి.

ఆవాలకు అదను దాటితే, నీటి వసతి ఉన్నచోట ఫిబ్రవరిలో నువ్వులు వేయవచ్చు. ఎకరాకు రెండున్నర కిలోల విత్తనం చాలు. గింజ సన్నం గనుక ఇసుకతో కలిపి చల్లాలి. ఆకులు, కింది కాయలు పసుపు రంగుకు తిరగగానే కోయండి. పూర్తిగా ఎండేదాకా ఆగితే కాయలు పగిలి గింజ నేలపాలవుతుంది. ఆ రోజుల్లో కాలవైశాఖి గాలివాన భయం ఉండనే ఉన్నది.

పెట్టుబడికి విరమణ సొమ్మును కదిలించవద్దు. 1998లో ప్రవేశపెట్టిన కిసాన్ క్రెడిట్ కార్డు అందుకే ఉన్నది. సాగు ఖర్చుపై 10 శాతం కోత తరువాతి ఖర్చులకు, ఇంటి అవసరాలకు, మరి 20 శాతం పనిముట్ల మరమ్మతు వంటివాటికి కలిపి పరిమితి నిర్ణయిస్తారు. 2025 జనవరి నుంచి రెండు లక్షల వరకు తనఖా అక్కరలేదు. ఇటువంటి చిన్న పంట రుణాలపై వడ్డీ 7 శాతం. గడువులోగా చెల్లించినవారికి అది 4 శాతమే పడుతుంది. గడువు పంట కోత, అమ్మకాల కాలాన్ని బట్టి ఉంటుంది. కాబట్టి బ్యాంకుకు వచ్చేటప్పుడు పర్చా నకలుతో పాటు, ఏ చేనులో ఏ రకం వేసి ఏ వారంలో కోయదలచారో ఒక కాగితం మీద వ్రాసి తెండి.