ఆట మాకు, పాఠం వాళ్లకు

ఎనిమిదో తరగతిలో ఒకరోజు లంచ్ అయ్యాక అమ్మాయిలందర్నీ ఏవీ రూమ్‌కి తీసుకెళ్లారు, మమ్మల్ని గ్రౌండ్‌కి వదిలేశారు. బయాలజీ క్లాసు తప్పిందని మేం పండగ చేసుకున్నాం. గంట తర్వాత వాళ్లు తిరిగొచ్చారు. ఒక్కొక్కరి చేతిలో న్యూస్‌పేపర్లో చుట్టిన ప్యాకెట్. "ఏం చెప్పారు?" అని అడిగితే పక్క బెంచీ అమ్మాయి "ఏం లేదు" అంది. ఆ "ఏం లేదు" ఏంటో నాకు ఇంటర్‌లో, అదీ హాస్టల్ జోకుల్లోంచి, సగం సగం తెలిసింది.

ఆరోజు ఆట మాకు, పాఠం వాళ్లకు దక్కాయి. రెండూ కలిపి అందరికీ ఇవ్వొచ్చని అప్పట్లో ఎవరికీ తట్టలేదు.

మన ఇళ్లలో ఇదో విచిత్రం. అమ్మాయి పెద్దమనిషి అయితే ఫ్లెక్సీ కడతాం, చిమ్మిలి పెడతాం, బంధువులందర్నీ భోజనాలకి పిలుస్తాం. అదే అమ్మాయి నెల తిరిగేసరికి పంజాగుట్టలో మెడికల్ షాపుకి వెళ్తే నల్ల కవర్‌లో చుట్టి ఇస్తారు. ఊరందరికీ చెప్పిన విషయాన్ని కవర్లో దాస్తాం. ఇంత హడావిడిలో ఆ పిల్లకి ఒంట్లో అసలేం జరుగుతోందో మాత్రం ఎవరూ కూర్చోబెట్టి చెప్పరు.

కూర్చోబెట్టడంలోనే ఇబ్బంది ఉందని నాకనిపిస్తుంది. బెంచీ మీద కదలకుండా కూర్చున్నప్పుడు అందరూ మననే చూస్తున్నట్టు ఉంటుంది, చెయ్యెత్తి అడగాలంటే ప్రాణం పోతుంది. పరిగెత్తేటప్పుడు సిగ్గుపడటానికి టైమ్ ఉండదు.

ఇది కొత్త ఐడియా ఏం కాదు. 2012 అక్టోబరు, నవంబరుల్లో నిర్మల్ భారత్ యాత్ర అని ఒకటి జరిగింది. ఆదిలాబాద్ దాటి ఇంకా పైకి వెళ్తే వచ్చే వార్ధాలో మొదలై బీహార్‌లోని బేతియా దాకా, ఊరూరా జాతర పెట్టినట్టు. చేతులు కడుక్కోవడం, టాయిలెట్ వాడటం, అన్నీ ఆటలే. అందులో నెలసరి గురించి మాట్లాడటానికి ఆడవాళ్ల కోసం వేరే గుడారం వేశారు. అక్కడ పసుపు, ఎరుపు పూసలతో చేతికి గొలుసు గుచ్చుకునేవాళ్లు. ఎరుపు పూసలు నెలసరి రోజులు. యాత్ర నడిపిన సంస్థల్లో ఒకటైన వాష్ యునైటెడ్ 2014లో మే 28ని నెలసరి పరిశుభ్రతా దినంగా మొదలుపెట్టింది. 28 రోజుల చక్రం, 5 రోజుల నెలసరి కాబట్టి ఐదో నెల 28వ తేదీ అన్నమాట.

మన బ్రాంచ్ వాళ్ల కోసం ఇంకోటి. అదే 2014లో న్యూయార్క్‌లో ఇద్దరు హైస్కూల్ అమ్మాయిలు గర్ల్స్ హూ కోడ్ క్యాంపులో 'టాంపాన్ రన్' అనే గేమ్ తయారుచేశారు. అందులో హీరోయిన్ శత్రువుల మీదకి టాంపాన్లు విసురుతుంది. బాగా పాపులర్ అయింది. కానీ స్క్రీన్ మీద గేమ్ ఒక్కరే ఆడుకోవచ్చు, తలుపేసుకుని కూడా. నాకు నలుగురిలో ఆడేది కావాలనిపించింది.

పోయిన వేసవిలో మా అక్క (నర్సింగ్ ఫైనలియర్), నేను కలిసి మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ట్రై చేశాం. ముందు అమ్మలందర్నీ అడిగాం. ఇద్దరు పంపమన్నారు, సరే. తొమ్మిది నుంచి పన్నెండేళ్ల పిల్లలు పదమూడు మంది వచ్చారు, అబ్బాయిలూ అమ్మాయిలూ కలిపి. అక్క పెట్టిన రూల్ ఒక్కటే: "నీకు వచ్చిందా?" అని ఎవరూ ఎవర్నీ అడగకూడదు.

ఆరుగురు చేతులు పట్టుకుని గుండ్రంగా నిలబడితే అది గర్భాశయం. లిఫ్ట్ దగ్గర ఇద్దరు అండాశయాలు. మెట్ల మీద ఒకడు మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి. మిగిలిన నలుగురూ హార్మోన్లు, అంటే చీటీలు పట్టుకుని పరిగెత్తే కొరియర్ వాళ్లు. పిట్యూటరీ నుంచి అండాశయానికి చీటీ వెళ్తుంది, అక్కణ్ణుంచి గర్భాశయానికి ఈస్ట్రోజెన్ చీటీలు. చీటీ వచ్చినప్పుడల్లా గుండ్రంగా ఉన్నవాళ్ల భుజాల మీద ఒక చున్నీ. అలా లోపలి పొర మందమవుతుంది. తర్వాత పిట్యూటరీ ఇంకో చీటీ పంపితే అండాశయం బంతి వదులుతుంది. అదే అండం (అసలుది మిల్లీమీటర్లో పదోవంతే). ఇక ప్రొజెస్టెరాన్ చీటీలు: "పొరని అలాగే ఉంచు, అలాగే ఉంచు." గర్భం రాకపోతే దాదాపు రెండు వారాలకి అవి ఆగిపోతాయి. అప్పుడు చున్నీలు కింద పడేయాలి.

సీఎస్ భాషలో ఇది హార్ట్‌బీట్ సిగ్నల్. వస్తున్నంతసేపు అంతా నడుస్తుంది, ఆగితే టైమవుట్. "ఇప్పుడు రక్తం పోనివ్వు" అని ఎవరూ ఆర్డర్ వెయ్యరు, ఆర్డర్లు రావడమే ఆగిపోతుంది. ఇది నేను పుస్తకంలో ఎన్నిసార్లు చదివానో, కానీ చున్నీలు పడినప్పుడే అర్థమైంది. ఒకడు "ఇదేనా చెడు రక్తం?" అని చున్నీ ఎత్తి చూశాడు. చెడేం లేదు, బిడ్డ వస్తుందేమోనని వేసిన పరుపు. మొత్తం నెలసరిలో పోయే రక్తం మామూలుగా 80 మిల్లీలీటర్లు దాటదు, ఇరానీ చాయ్ కప్పుడు కూడా కాదు.

తర్వాత చాక్‌పీస్‌తో 28 గళ్లు గీసి తొక్కుడుబిళ్ల ఆడించాం. "అన్నా, మన మెట్రో రెడ్ లైన్‌లో 27 స్టేషన్లే" అన్నాడొకడు. అక్క మాత్రం నా గళ్లు చూసి తిట్టింది. మొదటి రెండు మూడేళ్లు పిల్లలకి 21 రోజులకీ రావచ్చు, 45 రోజులకీ రావచ్చు, 28 అని నేర్పిస్తే 35వ రోజున భయపడి చస్తారు అంది. గళ్లు 45కి పెంచి, ఎక్కడ ఆగాలో చీటీ తీయించాం. ఇంకో తప్పు కూడా చెయ్యబోయాం. ఎర్ర గడిలో పడితే ఔట్ అని రాసుకున్నాను. వైకుంఠపాళిలో పాములాగా! చెరిపేశాం.

అసలు ఇబ్బంది మూడో ఆటలో వచ్చింది. నేనో మాట చెప్తాను, నిజమైతే ఎడమ గోడకి, అబద్ధమైతే కుడి గోడకి పరిగెత్తాలి. "నెలసరిలో ఆవకాయ జాడీ ముట్టుకుంటే పచ్చడి పాడవుతుంది." చాలామంది కుడికి వెళ్లారు, ఆన్సర్ ఊహించేసి. పదకొండేళ్ల అమ్మాయి ఒకతి మాత్రం మధ్యలో పిల్లర్ దగ్గరే ఆగిపోయింది. "మా నానమ్మ అబద్ధం చెప్తుందా?" అంది.

నా దగ్గర జవాబు లేదు. నేను గోడలు రెండే పెట్టాను. చాక్‌పీస్ గీత నేను సాయంత్రం చెరిపేస్తాను, తను ఇంటికెళ్లి ఆ నానమ్మ పక్కనే భోంచెయ్యాలి. అక్కే మాట్లాడింది: "పచ్చడి తడి తగిలితే బూజు పడుతుంది. ఎవరి చెయ్యి తడిగా ఉన్నా అంతే, మీ నాన్నదైనా. నానమ్మకి వాళ్ల అమ్మ చెప్పిందే తెలుసు. నువ్వు గొడవ పడక్కర్లేదు, నీ చెయ్యి మంచిదేనని నీకు తెలిస్తే చాలు." ఆ పిల్ల కుడి గోడకి వెళ్లలేదు. పిల్లర్‌నే పట్టుకుని నిలబడింది. తర్వాతి ప్రశ్న నుంచి పిల్లర్‌కి కూడా ఒక పేరు పెట్టాం: "ఇంకా ఆలోచిస్తున్నా." అప్పుడు ఇంకో నలుగురు అక్కడికి వచ్చారు, అందులో ఇద్దరు అబ్బాయిలు.

చివర్లో చున్నీలు మడత పెడుతుంటే పిట్యూటరీ పిల్లాడు వచ్చి, మెట్ల మీద ఒక్కడే కూర్చుంటే బోర్ కొట్టిందని, "అన్నా, ఈసారి నేను గర్భాశయం" అని అడిగి వెళ్లాడు.