నీటిని ఆపే ఇత్తడి వాల్వు కథ

ఎగువ సీలేరు జలవిద్యుత్ కేంద్రంలో ఒక్కొక్కటి 60 మెగావాట్ల చొప్పున నాలుగు యంత్రాలున్నాయి. ఇలాంటి కేంద్రాల్లో నీటి గొట్టం టర్బైనును చేరే చోట మామూలుగా ఒక భారీ వాల్వు అమరుస్తారు. అది బిగువుగా మూసుకుంటేనే మరమ్మతు చేసేవాళ్లు టర్బైను లోపలికి దిగగలరు. వంటింటి సింకు కింద కనిపించే యాంగిల్ కాక్‌దీ అదే పని: పై కుళాయి మార్చేదాకా నీటిని ఆపి ఉంచాలి. కేంద్రంలోని వాల్వుకు తనిఖీలుంటాయి. ఇంట్లోదాన్ని బిగించాక ఎవరూ ముట్టుకోరు. అవసరం పడ్డ రోజున అది తిరగదు, తిరిగినా నీళ్లు ఆగవు.

నీటిని ఆపే ఇలాంటి పరికరాలకు పెద్ద మలుపు 1845లో వచ్చింది. ఇంగ్లండ్‌లో రోథర్‌హామ్ పట్టణపు గెస్ట్ అండ్ క్రైమ్స్ సంస్థ, మరచుట్లతో కిందికి దిగే కుళాయికి పేటెంట్ పొందింది. అంతకుముందు రంధ్రమున్న బిరడాను తిప్పి నీటిని ఆపేవారు. ఒత్తిడి పెరిగితే అది కారేది. కొత్త కుళాయిలో స్పిండిల్ (పిడి కింది కడ్డీ) తిప్పితే వాషర్ మెల్లగా దిగి, నీరొచ్చే రంధ్రం మీద అదిమి కూర్చుంటుంది. మొదట తోలు, తర్వాత రబ్బరు ఆ వాషర్లకు పనికొచ్చాయి.

అరిగేది కూడా ఆ వాషరే. రబ్బరు గట్టిపడి పగులుతుంది. కొండవాగు నీటితో వచ్చే సన్నని ఇసుక ఇత్తడి గాడిని గీరేస్తుంది. పలకను దించి నీటిని ఆపే గేట్ వాల్వుదైతే ఇంకో తంటా: అడుగున మడ్డి పేరుకుని పలక పూర్తిగా దిగదు, చక్రం మాత్రం తిరుగుతూనే ఉంటుంది. కొన్ని నీళ్లకు ఇత్తడిలోని జింకు కరిగిపోయి, గులాబీ రంగు తిరిగిన గుల్ల రాగి మిగులుతుంది. పైకి బాగానే కనిపించే అలాంటి వాల్వును బలంగా తిప్పితే విరుగుతుంది.

1938లో రాయ్ ప్లంకెట్ అనుకోకుండా కనుగొన్న టెఫ్లాన్ ఈ చిక్కులు చాలావరకు విప్పింది. నునుపైన గుండును టెఫ్లాన్ వలయాల మధ్య కూర్చిన బాల్ వాల్వు, పావు చుట్టుతో మూసుకుంటుంది. పాత గేట్ వాల్వు పాడైతే దాని స్థానంలో ఇదే మేలు.

అయితే కొండ ప్రాంతాల్లో ఒక జాగ్రత్త కావాలి. పైనున్న ఊట నుంచి మోటారు లేకుండా పల్లానికి నీళ్లు దించే గ్రావిటీ పథకాల్లో పైపులు పొడవు. ప్రతి 10 మీటర్ల దిగువకు చదరపు సెంటీమీటరుకు సుమారు ఒక కిలో ఒత్తిడి చేరుతుంది. పారుతున్న నీటిని ఠక్కున ఆపితే అంతకు ఎన్నో రెట్ల దెబ్బ గొట్టానికి తగులుతుంది. సెకనుకు ఒక మీటరు వేగంతో ఇనుప పైపులో పోతున్న నీరు ఉన్నట్టుండి ఆగితే, వంద మీటర్లకు పైబడిన నీటి స్తంభమంత ఒత్తిడి క్షణకాలం పుడుతుంది. అతుకులు ఊడేది అప్పుడే. బాల్ వాల్వు పిడి సులువుగా తిరుగుతుంది కాబట్టే దాన్ని తొందరపడి మూయకూడదు.

పాత వాల్వును మార్చేటప్పుడు ముందు ఎగువ వాల్వు మూసి, పల్లపు కుళాయి తెరిచి పైపు ఖాళీ చేయాలి. ఒక రెంచితో పైపును కదలకుండా పట్టి, రెండోదానితో పాత వాల్వును విప్పాలి. మరచుట్ల మీద టెఫ్లాన్ టేపు బిగించే దిశలోనే చుట్టాలి. వాషర్ రకమైతే ఒంటి మీది బాణం నీరు పోయే వైపు ఉండాలి. ఆ తర్వాత ఆరు నెలలకోసారైనా ప్రతి వాల్వునూ పూర్తిగా మూసి, మెల్లగా తెరవండి.